అడిగింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి అయితే డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని ఒక పల్లె నుంచి రాస్తున్నాను. రెండు గేదెలు, ఎకరంన్నర పొలం, మా ఆయన, అత్తగారు, ఇద్దరు పిల్లలు, ఇదీ మా సంసారం. మీ పేపరు మా ఇంటికి రోజూ వస్తుంది కానీ ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైనా దయచేసి వేయండి. మే నెలలో నాకు ఎదురైన ఇబ్బందే మా వీధిలో ఇంకో ముగ్గురికి వేరే వేరే వస్తువులతో ఎదురైంది, వాళ్లు ముగ్గురూ డబ్బు పోగొట్టుకుని ఊరుకున్నారు, మా అక్క కొడుకు చెప్పకపోయుంటే నేనూ ఊరుకునేదాన్నే.

రోహిణి కార్తెకి వారం ముందు మా ఇంటి బోరు మోటారు కాలిపోయింది. అప్పటికే రెండుసార్లు వైండింగ్ చేయించాం. మూడోసారి చేయిస్తే డబ్బు దండగమ్మా, కొత్తది తెచ్చుకోండి అని మెకానిక్ చెప్పాడు. మేం మర్చిపోతామని చీటీ కూడా రాసిచ్చాడు, నాలుగు అంగుళాల సబ్‌మెర్సిబుల్, ఒకటిన్నర హెచ్‌పీ, సింగిల్ ఫేజ్ అని. ఆ చీటీ పట్టుకుని నేనూ మా ఆయనా శనివారం నెల్లూరు వెళ్లి ఒక మోటార్ల షాపులో చూపించాం. షాపాయన చీటీ చదివాడు, రేటు చెప్పాడు, బేరమాడాం, మోటారుకీ దానితోపాటు గోడకు బిగించే సింగిల్ ఫేజ్ ప్యానెల్ బోర్డుకీ కలిపి 18,600 ఫోన్‌పేలో కొట్టాం. కుర్రాడు గోడౌన్లోంచి బాక్సు తెచ్చి ఆటోలో పెట్టాడు. మేం బాక్సు విప్పి చూడలేదు, అది మా పొరపాటు అంటే ఒప్పుకుంటాను. కానీ విప్పి చూసినా మాకు ఏం తెలుస్తుంది చెప్పండి, బయటికి రెండు రకాల మోటార్లూ ఒకేలాగా ఉంటాయి.

ఆదివారం మెకానిక్ వచ్చి బాక్సు విప్పి, మోటారు మీద ఉండే రేకు చదివి, బోరులో దించకుండానే ఆగిపోయాడు. దాని మీద త్రీ ఫేజ్, 415 వోల్టులు అని ఉంది. మా ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. పల్లెల్లో త్రీ ఫేజ్ ఎక్కడుంటుంది, పొలం సర్వీసులకి, రైసుమిల్లుకి, అంతే కదా. పొలాలకి కూడా అది రోజుకి 9 గంటలే. ఇంటి దగ్గర ఆ మోటారు మాకు ఎందుకూ పనికిరాదు. ఇంకో సంగతి, ఆ షాపు వాళ్లే అదే బిల్లు మీద మాకు సింగిల్ ఫేజ్ ప్యానెల్ బోర్డు ఇచ్చారు. అంటే మేం ఏం అడిగామో వాళ్లకి బాగా తెలుసు. గోడౌన్లో కుర్రాడు పక్క బాక్సు తీశాడు, తప్పు అక్కడ జరిగింది. మనుషులం, పొరపాట్లు చేస్తాం, దానికి నేను ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అనలేదు, ఇప్పుడూ అనను.

నా బాధంతా ఆ తర్వాత జరిగిన దాని గురించి.

సోమవారం పొద్దున్నే పాలు పోసి, ఇరవై కిలోలకు పైనున్న ఆ మోటారు ఆటోలో హైవే దాకా తెచ్చి, అక్కణ్ణుంచి బస్సులో వేసుకుని నెల్లూరు వెళ్లాం. పొరపాటు చెప్పగానే మార్చి ఇస్తారనే ధైర్యంతోనే వెళ్లాం. షాపాయన బాక్సు వంక చూసి, "ఏమ్మా, బాక్సు విప్పేసినాక మేమెట్టా తీసుకుంటాం? బిల్లు మీద రాసుంది గదా" అన్నాడు. చూస్తే బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, మార్చబడదు" అని అచ్చయి ఉంది. అయ్యా, నేను మనసు మార్చుకుని రాలేదు, మీరు వేరే మోటారు ఇచ్చారు అంటే, కంపెనీ వాళ్లు మా దగ్గర తీసుకోరమ్మా అన్నాడు. పోనీ సరైన మోటారు ఇవ్వండి, తీసుకుపోతాం అంటే, ఆ సైజు స్టాకు లేదు, పది రోజులకి వస్తుంది, అప్పటిదాకా డబ్బు మా దగ్గర జమ ఉన్నట్టు కాగితం రాసిస్తా అన్నాడు. ఎండాకాలం, ఇంట్లో గేదెలు, పక్కింటి నుంచి పైపు వేసుకుని నీళ్లు పట్టుకుంటున్నాం, వాళ్ల మొహం చూడాలంటే మాకు సిగ్గుగా ఉంది, పది రోజులు ఎట్లా ఆగుతాం? మా డబ్బు మాకు ఇస్తే ఇంకో షాపులో ఈ రోజే కొనుక్కుంటాం అన్నాను. "జీఎస్టీ కట్టేశాం, బిల్లు వెనక్కి తీయడం కుదరదు" అన్నాడు. చివరికి త్రీ ఫేజ్ కన్వర్టరు ఏదో ఉందంట, అది కొనుక్కుని బిగించుకోండి అని సలహా చెప్పాడు. తప్పు వాళ్లది, దాన్ని దిద్దుకోవడానికి మేం ఇంకో పదివేలు పెట్టాలి!

మోటారు మళ్లీ బస్సెక్కించుకుని వచ్చేశాం. ఆ రోజు దారిలో నాకు వచ్చిన ఏడుపు డబ్బు గురించి కాదు. షాపు నిండా జనం ఉన్నారు, అందరూ విన్నారు, ఒక్కరు కూడా "ఆమె చెప్పేది నిజమే కదా" అనలేదు. బిల్లు మీద రాసి ఉంటే అది చట్టమే అని మనందరికీ నమ్మకం కుదిరిపోయింది. నాకూ అదే నమ్మకం.

మా అక్క కొడుకు కావలిలో డిగ్రీ చదువుతున్నాడు. వాడు ఆ రాత్రి ఫోనులో వెతికి, వాళ్ల లెక్చరరు గారిని అడిగి, నాకు చెప్పిన విషయాలే ఈ ఉత్తరంలో రాయాలనుకున్నవి. తర్వాత నేనూ కావలిలో ఒక వకీలు గారి దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను.

మొదటిది, మనం వస్తువు పేరు చెప్పి, వివరం చెప్పి కొన్నప్పుడు ఇచ్చిన వస్తువు ఆ వివరానికి సరిపోవాలి. ఇది కొత్త చట్టం కాదు, 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 15వ సెక్షన్. బ్రిటిషు వాళ్ల కాలం నుంచి ఉంది. దాని పక్కనే 16వ సెక్షన్ ఉంది, ఫలానా పనికి కావాలి అని మనం షాపాయనకి చెప్పి, ఆయన తెలివి మీద ఆధారపడి కొంటే, అది ఆ పనికి పనికొచ్చేదిగా ఉండాలి. ఇంటి బోరుకి అని మేం చెప్పాం, చీటీ చూపించాం. బాక్సు విప్పితే వాపసు లేదు అనడం కూడా చెల్లదు, ఎందుకంటే 41వ సెక్షన్ ప్రకారం సరుకు చూసుకునే అవకాశం దొరికేదాకా మనం దాన్ని ఒప్పుకున్నట్టు కాదు. విప్పకుండా మోటారు మీద రేకు ఎవరు చదవగలరు?

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది 43వ సెక్షన్. తప్పు సరుకు వచ్చినప్పుడు దాన్ని తిరిగి మోసుకెళ్లి షాపులో అప్పగించాల్సిన బాధ్యత కొన్నవాళ్ల మీద లేదు, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, "ఇది నాకు వద్దు, నేను ఒప్పుకోవడం లేదు" అని తెలియజేస్తే చాలు. మేం ఇరవై కిలోలు బస్సులో మోసుకెళ్లి మళ్లీ మోసుకొచ్చాం. ఆ సంగతి ముందే తెలిసుంటే ఒక మెసేజీ పెట్టి ఇంట్లో కూర్చునేవాళ్లం కదా అని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జులై నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం ఆ చట్టం ప్రకారం అన్యాయమైన వ్యాపార పద్ధతి. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువు లోపల, ఏమీ రాసి లేకపోతే 30 రోజుల్లోపల ఇవ్వాలి. లోపం అంటే పగిలిపోవడం, చెడిపోవడం మాత్రమే కాదు, మనం అనుకున్న ఒప్పందానికి తక్కువగా ఉన్నా లోపమే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అన్యాయమైన పద్ధతిగానే ఆ చట్టంలో రాశారు. కాబట్టి బిల్లు అడుగున షాపు వాళ్లు సొంతంగా అచ్చేయించుకున్న లైను పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టేయలేదు. ఈ ఒక్క ముక్క జనానికి తెలిస్తే చాలని నా ఆశ.

జీఎస్టీ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట చెప్పి చాలామందిని వెనక్కి పంపిస్తున్నారు. మనకి ఆ లెక్కలు తెలియవు, పన్ను అనగానే భయపడి సరేలే అంటాం. సరుకు వెనక్కి వచ్చినప్పుడు షాపు వాళ్లు క్రెడిట్ నోట్ అనే కాగితం రాసుకుని, కట్టిన పన్ను సర్దుబాటు చేసుకోవచ్చని జీఎస్టీ చట్టంలోనే, 34వ సెక్షన్లో ఉంది. ఆ ఆర్థిక సంవత్సరం అయిపోయాక వచ్చే నవంబరు 30 దాకా, లేదా షాపు వాళ్లు ఆ ఏడాది వార్షిక రిటర్ను వేసేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా దానికి టైముంది. మేం వెళ్లింది కొన్న రెండో రోజు. వాళ్ల ఆడిటర్ని అడిగితే అయిదు నిమిషాల పని. మనకి "జమ కాగితం" రాసిస్తామంటారే, క్రెడిట్ అన్నా జమ అన్నా మాట ఒకటే అయినా, ఆ క్రెడిట్ నోట్ పన్ను లెక్క కోసం, ఈ జమ కాగితం మన డబ్బు వాళ్ల గల్లాపెట్టెలో ఉంచుకోవడం కోసం. ఆ జమ కాగితం తీసుకోవడం మన ఇష్టం, మనకి వద్దంటే మెడ మీద పెట్టడానికి వీల్లేదు.

నేను ఏం చేశానంటే, మంగళవారం తెల్ల కాగితం మీద తెలుగులోనే ఉత్తరం రాశాను. తేదీ, బిల్లు నంబరు, మేం అడిగింది ఇది, మీరిచ్చింది ఇది, మోటారు మీది రేకు ఫొటో జతచేశాను, మెకానిక్ రాసిచ్చిన చీటీ నకలు జతచేశాను, మీ బిల్లులోనే సింగిల్ ఫేజ్ ప్యానెల్ అని ఉంది చూడండి, ఈ మోటారుని నేను ఒప్పుకోవడం లేదు, మా ఇంటి దగ్గర భద్రంగా ఉంది, మనిషిని పంపించి తీసుకెళ్లండి, ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో 18,600 తిరిగి ఇవ్వండి, లేకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అంటే వినియోగదారుల కోర్టులో, కేసు వేస్తాను. అంతే. కోపంగా ఒక్క మాట రాయలేదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నాను, అదే ఉత్తరం ఫొటో తీసి షాపు వాట్సాప్ నంబరుకి కూడా పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి.

అదే రోజు 1915 కి ఫోన్ చేశాను. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. అవతల అమ్మాయి ఓపిగ్గా అంతా విని, ఫిర్యాదు నంబరు ఇచ్చింది. బిల్లు, ఫొటోలు ఎక్కడ పెట్టాలో చెప్పింది. వాళ్లు జడ్జీలు కాదు, తీర్పు చెప్పరు, షాపుకీ కంపెనీకీ మన ఫిర్యాదు పంపి జవాబు అడుగుతారు. ఇది ముందే తెలుసుకుని ఫోన్ చేస్తే మంచిది, లేకపోతే ఫోన్ పెట్టగానే డబ్బు వచ్చేస్తుందని ఎదురుచూసి నిరాశపడతాం.

తొమ్మిదో రోజు షాపు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు మారిపోయింది, "ఏదో మాట పట్టింపు వచ్చిందమ్మా, మనిషిని పంపిస్తున్నా" అన్నాడు. పన్నెండో రోజు కుర్రాడు వచ్చి మోటారు, ప్యానెల్ తీసుకెళ్లాడు, వాడు మా గుమ్మంలో ఉండగానే 18,600 మా ఆయన ఫోనుకి వచ్చాయి. దారి ఖర్చులు 740 ఇవ్వలేదు, అడిగాను, నవ్వేశాడు. ఈలోపల వడ్డీకి తెచ్చి కావలిలో వేరే మోటారు కొని దించుకున్నాం, ఆ వడ్డీ కూడా మా మీదే పడింది. కమిషన్‌కి వెళ్తే వస్తువు ధరే కాకుండా నష్టపరిహారం, ఖర్చులు కూడా ఇప్పించే అధికారం వాళ్లకి ఉందని వకీలు గారు చెప్పారు, కానీ గేదెలు వదిలి వాయిదాలకి తిరగలేనని నేనే ఆగాను. ఆగినందుకు ఇప్పటికీ మనసులో కొంచెం ఉంది.

కేసు అంటే జనం భయపడతారు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. 5 లక్షల లోపు విలువైన వస్తువుకి కమిషన్‌లో ఫీజు ఏమీ లేదు. వకీలు తప్పనిసరి కాదు, మన కేసు మనమే చెప్పుకోవచ్చు. షాపు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. అంటే ఒంగోలు వాళ్లు నెల్లూరులో కొన్నా, చెన్నైలో కొన్నా, ఒంగోలు కమిషన్‌లోనే వేసుకోవచ్చు. ఇది 2019 చట్టంలో వచ్చిన మంచి మార్పు, అంతకుముందు షాపు వాళ్ల ఊరు తిరగాల్సి వచ్చేది. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ల దాకా టైముంది. ఇప్పుడు ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది, అందులో ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. మా వాడు చూపించాడు, నాకు పూర్తిగా అర్థం కాలేదు కానీ చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే కష్టం కాదు.

మా వీధి వాళ్ల సంగతి చెప్తానన్నాను కదా. ఎదురింటి పెద్దాయనకి షుగరు బిళ్లలు 500 రాసిస్తే మెడికల్ షాపులో 1000వి ఇచ్చారు. వాళ్ల కోడలు రెండో రోజు చూసింది కాబట్టి సరిపోయింది. వెనక్కిస్తే, షీటు కత్తిరించాం కాబట్టి తీసుకోం అన్నారంట. కత్తిరించింది ఎవరు, వాళ్లే కదా! ఇది డబ్బు విషయం మాత్రమే కూడా కాదు, ప్రాణం విషయం. ఆ పెద్దాయన 90 రూపాయలకి ఏం గొడవలే అని బయట పారేశారు. 90 కోసం కేసు వేయమని నేను అనను, కానీ ఆ షాపులో ఒక పుస్తకంలో ఈ పొరపాటు రాయించి ఉంటే రేపు ఇంకొకరికి జరగకుండా చూసుకునేవాళ్లేమో.

మా మరిది కథ ఇంకా పెద్దది. రెండేళ్ల కింద వరి విత్తనం ఒక రకం అడిగితే డీలరు ఇంకో రకం సంచులు వేశాడు, నారు పోశాక కూడా తెలియలేదు, పొట్ట దశకి వచ్చాక చేలో తేడా కనపడింది. అప్పటికి సంచులు పారేశాడు, ట్యాగులు పారేశాడు, బిల్లు తెల్ల చీటీ. ఎవరి దగ్గరికి వెళ్లినా ఏ ఆధారం ఉందయ్యా అన్నారు. రైతులకి ఇందులో హక్కు లేదనుకుంటారు చాలామంది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉన్నా సరే వినియోగదారుల కోర్టుకి వెళ్లొచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు జాతీయ విత్తన సంస్థ మీద మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిందే. ఎన్నో ఏళ్లు తిరిగి గెలిచారు వాళ్లు. కాబట్టి రైతన్నలకి నా విన్నపం ఒక్కటే, విత్తనం సంచీ ఒకటి, దాని ట్యాగు, గుప్పెడు గింజలు పంట చేతికొచ్చేదాకా దాచుకోండి, తేడా కనపడిన రోజే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి చేను చూపించండి. మా మరిది ఈ పని చేయలేదు, 40 సెంట్ల చేను మీద తెచ్చిన అప్పు ఇంకా తీరుస్తున్నాడు.

మూడోది చెప్పుకుంటే చిన్నది, బడి బూట్లు, రెండు కాళ్లకీ వేరే వేరే సైజులు. ఆ పిల్ల తల్లి మళ్లీ కొనిచ్చింది.

ఇక్కడ షాపుల వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట అనాలి. మా చిన్నాన్న ముప్పై ఏళ్లు కావలిలో బట్టల కొట్లో గుమాస్తాగా చేశాడు, వాళ్ల కష్టం నాకు తెలుసు. పెళ్లికి కట్టుకుని, పసుపు మరక చీర కుచ్చిళ్లలో దాచి, రంగు నచ్చలేదని వెనక్కి తెచ్చేవాళ్లు ఉంటారు. అట్లాంటి వాళ్ల కోసం ఆ లైను అచ్చేయించారు అంటే అర్థం చేసుకోగలను. నచ్చలేదు, ఇంట్లో వద్దన్నారు, పక్క షాపులో వంద తక్కువ అని తెచ్చే వస్తువు తీసుకోవడం తీసుకోకపోవడం షాపు ఇష్టమే, చట్టం కూడా అక్కడ వాళ్లని బలవంతం చేయదు. కానీ దానికీ దీనికీ తేడా చిన్న పిల్లాడికి కూడా తెలుస్తుంది. నేను కందిపప్పు అడిగితే శనగపప్పు పొట్లం కట్టి, ఇప్పుడు ఇది నీదే అంటే ఎట్లా? ఒకే లైనుతో రెండింటినీ కట్టేస్తున్నారు, అదే నాకు నచ్చనిది.

ఇంకోటి, షాపుల వాళ్లందరూ ఈ మధ్య ఒకటే మొర, జనం అన్నీ ఆన్‌లైన్లో కొంటున్నారు, ఊళ్లో వ్యాపారాలు పడిపోయాయి అని. నిజమే, నాకూ బాధే, మా చిన్నాన్న లాంటి వాళ్లు బతికింది ఆ కొట్ల మీదే. కానీ ఆన్‌లైన్లో వేరే వస్తువు వస్తే ఎంతోమందికి ఇంటికొచ్చి తీసుకెళ్లి డబ్బు వేస్తున్నారు, ఆన్‌లైన్ అమ్మకాలకి 2020లో పెట్టిన నిబంధనల్లో, చెప్పినట్టు లేని వస్తువు వెనక్కి తీసుకోను అనకూడదని స్పష్టంగా ఉంది కూడా. మొహం చూసి, పేరు పెట్టి పలకరించి, టీ తాగమ్మా అని కూర్చోబెట్టి అమ్మే మన ఊరి షాపు అంతకంటే గౌరవంగా ఉండాలి కదా. ఆ సోమవారం రోజు, "అయ్యో, మావాడు తప్పు బాక్సు వేశాడమ్మా, ఇదిగో మీ డబ్బు" అని ఒక్క మాట అని ఉంటే, వచ్చే ఏడాది పొలం మోటారుకి కూడా నేను అక్కడికే వెళ్లేదాన్ని. పదిమందికి చెప్పేదాన్ని.

మనవైపు నుంచి మనం చేసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ఎస్టిమేట్ అని రాసిచ్చే తెల్ల కాగితం తీసుకోవద్దు, వంద రెండొందలు తగ్గిస్తామంటే దాని కోసం ఆశపడి బిల్లు వదిలేసుకుంటాం, తర్వాత నోరు లేకుండా పోతుంది. బిల్లు మీద వట్టి "మోటారు 1" అని రాస్తే ఒప్పుకోకండి, హెచ్‌పీ ఎంత, ఫేజ్ ఏది, మోడల్ నంబరు ఏది అన్నీ రాయించండి. మందులైతే పేరు, ఎన్ని మిల్లీగ్రాములో షాపులోనే నిలబడి చీటీతో సరిచూసుకోండి. వెనక నిలబడ్డ వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. డబ్బు ఫోన్లో కట్టిన రుజువు తీసేయకండి. ఎవరైనా వస్తువు వెనక్కి తీసుకుని తర్వాత డబ్బిస్తాం అంటే, తీసుకున్నట్టు సంతకం లేకుండా చేతిలోంచి వదలకండి. నోటితో పదిసార్లు తిరగడం కంటే ఒక ఉత్తరం మేలని నాకు ఈ మోటారు నేర్పించింది. మేం నోటితో అడిగినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, కాగితం మీద తేదీ పడగానే పనైంది.

చివరగా కలెక్టరు గారికి ఒక విన్నపం, మీ పేపరు ద్వారా చేరుతుందని. వకీలు గారు చెప్పేదాకా నాకు తెలియదు, ప్రతి జిల్లాకీ వినియోగదారుల రక్షణ మండలి అని ఒకటి ఉంటుందంట, దానికి కలెక్టరే అధ్యక్షులు, ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోవాలంట. చాలామంది వినియోగదారులకి ఒకేలాగా నష్టం చేసే పద్ధతి మీద విచారణ చేసి నివేదిక పంపే అధికారం కూడా 2019 చట్టంలోని 16వ సెక్షన్ కలెక్టరుకి ఇచ్చింది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అనే లైను నెల్లూరు, కావలి, ఒంగోలు, ఏ ఊరి బిల్లు పుస్తకం తీసినా కనపడుతుంది. ఇంతకంటే ఎక్కువమందికి నష్టం చేసేది ఏముంటుంది? బిల్లు పుస్తకాలు అచ్చేసే ప్రెస్సుల వాళ్లకీ, వర్తక సంఘాలకీ ఒక్క మాట చెప్పి ఆ లైను తీయించి, దాని చోట "తప్పు వస్తువు ఇస్తే 30 రోజుల్లో డబ్బు వాపసు, ఫిర్యాదులకు 1915" అని అచ్చేయించమని అడుగుతున్నాను. పౌర సరఫరాల శాఖ వాళ్లు రేషను షాపుల దగ్గర ఎట్లాగూ బోర్డులు పెడతారు, అందులో ఈ నంబరు కూడా పెద్ద అక్షరాల్లో రాయిస్తే ముసలివాళ్లకి కూడా కనపడుతుంది.

పన్నెండో రోజు మా ఇంటికొచ్చిన కుర్రాడిని మోటారు అందినట్టు రాసివ్వమన్నాను. వాడి దగ్గర షాపు బిల్లు పుస్తకమే ఉంది, అందులోనే రాసి సంతకం పెట్టి ఒక కాగితం చింపి ఇచ్చాడు. "1 మోటారు, 1 ప్యానెల్ వాపసు తీసుకోబడినది" అని వాడి చేతిరాత, దాని కిందనే వాపసు తీసుకోబడదనే అచ్చు లైను. ఆ కాగితం నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను, షాపు పేరు మీద కాగితం అంటించాను, ఎందుకంటే డబ్బు ఇచ్చేశారు కాబట్టి వాళ్ల పేరు బయటపెట్టడం నాకు ఇష్టం లేదు. మీరు వేసుకోవాలంటే అట్లాగే వేసుకోండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బోగోలు మండలం, నెల్లూరు జిల్లా